మూడు ఫేజుల మోటారు – దాని సారథి

గత సంవత్సరం మన కళాశాలలో జరిగిన విజ్ఞాన ప్రదర్శనకు విద్యార్థులు కొందరు ఒక మూడు చక్రాల బండిని సిద్ధం చేశారు. పాత బ్యాటరీ ఆటో నుండి విప్పి తెచ్చిన మోటారు, 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు, ఈ రెంటికీ నడుమ ఒక చెక్కపలకకు బిగించిన సర్క్యూటు – ఇదీ దాని స్వరూపం. బండి ముందు నిలుపవలసిన వివరణ ఫలకాన్ని తెలుగులో వ్రాసి ఇమ్మని మమ్ము కోరారు. ఉర్దూ ఫలకం అప్పటికే సిద్ధమై ఉన్నది. వ్రాయబూనిన మేము ఒక సామాన్యమైన ప్రశ్న వేశాము. "బ్యాటరీ ఇక్కడ ఉన్నది, మోటారు అక్కడ ఉన్నది. తీగలు కలిపితే సరిపోదా? నడుమ ఈ పలక దేనికి?"

"అది డ్రైవరు, సార్. అది లేకపోతే మోటారు తిరగదు" అన్నారు. ఎందుకు తిరగదు అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూచుకున్నారు.

మరునాడు బండిని నడిపి చూడబోగా టపాకాయ పేలినట్లు చప్పుడైనది. పలక మీది ఆరు ట్రాన్సిస్టర్లలో రెండు పగిలిపోయినవి. గదినిండా కాలిన వాసన. అల్లా దయవల్ల ఎవరికీ గాయం కాలేదు. అయితే, ఇటువంటి ప్రమాదకరమైన ఆటలు కళాశాలలో ఎందుకని పెద్దలు కొందరు అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అది ఎందుకు పేలినదో చెప్పగలిగితేనే రెండవసారి పరీక్షకు అనుమతి అడిగే అర్హత మనకు ఉంటుందని మేము విద్యార్థులతో అన్నాము. తెలుగు చెప్పేవారికి ఈ తీగల గొడవ ఎందుకని తోటి అధ్యాపకులు నవ్వారు గాని, ఫలకం వ్రాయవలసినది మేమే కదా! భౌతికశాస్త్ర మిత్రులను అడిగి, పుస్తకాలు తిరగవేసి, బస్టాండు వెనుక మోటారు వైండింగు దుకాణం నడిపే ఒక పెద్దాయన వద్ద కూర్చుండి తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

ముందుగా మూడు ఫేజుల మాట. తిరగలిని ఊహించుకొందాము. పిడికి ఒకే త్రాడు కట్టి ఒక మనిషి లాగితే, పిడి అతని వైపు వచ్చి అక్కడే ఆగిపోతుంది. ఎంత బలంగా లాగినా తిరగలి తిరగదు. పిడికి మూడు త్రాళ్ళు కట్టి, చుట్టూ సమానమైన ఎడంలో ముగ్గురు నిలబడి, ఒకరి తరువాత ఒకరు తమ వంతు రాగానే లాగి, వంతు ముగియగానే వదులు చేసినచో తిరగలి ఆగకుండా తిరుగుతుంది. మోటారులో ఆ ముగ్గురూ మూడు తీగచుట్టలు. వృత్తంలో ఒకదానికొకటి 120 డిగ్రీల దూరంలో ఉంటాయి. వాటిలో ప్రవహించే విద్యుత్తు కూడ ఒక ఆవృత్తిలో మూడవ వంతు చొప్పున వెనుకబడి వస్తుంది. ఆ మూడింటి అయస్కాంత బలాలు కలిసి, కదలని ఇనుములో తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తాయి. ఇనుము కదలదు, క్షేత్రం తిరుగుతుంది. లోపలి రోటరు దాని వెంట పరుగెత్తుతుంది. మొదటిసారి చదివినప్పుడు మాకు ఇది ఇంద్రజాలం వలె తోచినదని చెప్పుటకు సంకోచం లేదు.

ఒకే ఫేజు ఉన్నప్పుడు క్షేత్రం ముందుకు వెనుకకు ఊగుతుంది కాని తిరగదు. మన ఇండ్లలోని సీలింగు ఫ్యానుకు కెపాసిటరు ఉండుటకు కారణం ఇదే. అది రెండవ త్రాడును అరువు తెచ్చి పెడుతుంది. కెపాసిటరు చెడితే ఫ్యాను మూలుగుతుంది, చేతితో త్రిప్పితే గాని కదలదు.

తిరిగే క్షేత్రమనే భావాన్ని ఇటలీలో గలిలేయో ఫెరారిస్, అమెరికాలో నికోలా టెస్లా 1888లో లోకానికి వెల్లడించారు. దానిని నేటి మూడు ఫేజుల రూపానికి తెచ్చినవాడు జర్మనీలో పనిచేసిన రష్యా దేశీయుడు మిఖాయిల్ దొలివొ–దొబ్రొవోల్‌స్కీ. 1891లో లౌఫెన్ అనే ఊరిలో నీటి బలంతో పుట్టించిన మూడు ఫేజుల విద్యుత్తును 175 కిలోమీటర్ల దూరాన ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనశాలకు తీగల మీద తెచ్చారు. అక్కడ దానితో దీపాలు వెలిగించుటే గాక, మోటారుతో నీరు తోడి ఒక కృత్రిమ జలపాతాన్ని కూడ దుమికించారు. అక్కడి నీరు ఇక్కడ నీరై దూకినదన్న మాట.

ఇక మన పొలాలలోని బోరు మోటారును చూడండి. దానికి మూడు ఫేజులూ స్తంభం మీద నుండే వస్తాయి. త్రాళ్ళను వంతుల వారీగా లాగే పని ఎక్కడో విద్యుత్కేంద్రంలోని జనరేటరే చేస్తున్నది. సెకనుకు 50 ఆవృత్తులు గనుక, రెండు ధ్రువాల మోటారులో క్షేత్రం నిమిషానికి 3000 చుట్లు, నాలుగు ధ్రువాల మోటారులో 1500 చుట్లు తిరుగుతుంది. రోటరు కొంచెం వెనుకబడి 1440 ప్రాంతంలో తిరుగుతుంది. ఈ మోటారుకు కావలసినది స్టార్టరు మాత్రమే. స్టార్టరు ఒక తలుపు వంటిది. తెరుస్తుంది, మూస్తుంది. ఎంత వేగంతో తిరగవలెనన్నది దాని చేతిలో లేదు.

ఆ తలుపు ఒక్కసారిగా తెరిచినప్పుడు మోటారు తన మామూలు కరెంటుకు ఆరేడు రెట్లు గుంజుతుంది. స్టార్–డెల్టా స్టార్టరు పెట్టితే లైను నుండి గుంజే కరెంటు మూడవ వంతుకు తగ్గుతుంది. అయితే త్రిప్పే బలం కూడ మూడవ వంతే అవుతుంది. రైతులు ఆటోస్టార్టర్లు బిగించిన చోట, కరెంటు రాగానే చుట్టుప్రక్కల మోటార్లన్నీ ఒకే క్షణంలో లేచి ట్రాన్స్‌ఫార్మరు మీద పడుట మనం ఎరిగినదే. ఇక నడుస్తుండగా ఒక ఫేజు పోతే, మిగిలిన ఇద్దరు మనుషులే ముగ్గురి బరువు లాగినట్లు, మిగిలిన తీగచుట్టలు మితిమీరిన కరెంటు మోసి కాలిపోతాయి. వైండింగు దుకాణాల ముందు కుప్పలుగా పడియున్న మోటార్లలో చాలా వాటి కథ ఇదే.

బ్యాటరీ బండికి ఈ సౌకర్యం కూడ లేదు. బ్యాటరీ విద్యుత్తు ఒకే దిశలో, ఒకే తీరుగా ప్రవహిస్తుంది. అంటే త్రాడు పట్టి లాగి, వదలకుండా నిలబడే మనిషి వంటిది. మోటారు తీగలను నేరుగా బ్యాటరీకి కలిపితే రోటరు ఒక్కసారి ఉలిక్కిపడి, ఒక చోట బిగుసుకొని, తీగచుట్టలు వేడెక్కుతాయి. "ఎందుకు తిరగదు" అన్న ప్రశ్నకు ఇదే జవాబు. వంతులు వేసేవారు ఎవరూ లేరు. ఆ వంతులు వేసే ఏర్పాటే పలక మీది ఆరు ట్రాన్సిస్టర్లు. ఒక్కొక్క ఫేజుకు రెండు. పైది తెరిస్తే ఆ ఫేజు బ్యాటరీ ధన ధ్రువానికి, క్రిందిది తెరిస్తే ఋణ ధ్రువానికి అంటుకుంటుంది. ఏ క్షణంలోనైనా ఒక ఫేజులో పైది, మరొక ఫేజులో క్రిందిది పనిచేస్తాయి. మూడవ ఫేజు విశ్రమిస్తుంది. ఇట్లు ఆరు మెట్లలో క్షేత్రం ఒక చుట్టు పూర్తి చేస్తుంది.

ఏ మెట్టు ఎప్పుడు వేయవలెనో తెలియుటకు రోటరు ఎక్కడున్నదో తెలియవలెను. అందుకు మోటారులో మూడు హాల్ సెన్సర్లు ఉంటాయి. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ధర్మం ఆధారంగా అవి అయస్కాంత ధ్రువాన్ని పసిగట్టి 'అవును' లేక 'కాదు' అని చెబుతాయి. ముగ్గురు సాక్షులు చెప్పగల మాటల కలయికలు ఎనిమిది. సెన్సర్లు 120 డిగ్రీల ఎడంలో ఉన్నప్పుడు వాటిలో ఆరే నిజంగా సంభవిస్తాయి. మూడూ 'అవును' అనుట గాని, మూడూ 'కాదు' అనుట గాని జరుగనే జరుగదు. జరిగినదంటే సెన్సరు తీగ తెగినదని అర్థం. అప్పుడు వెంటనే మోటారును ఆపవలెను.

ఇంతవరకు విద్యార్థులకు తెలుసు. ప్రోగ్రాము వ్రాసినవారు వారే. వారు తెలియదన్నది, పేలుడుకు కారణమైనది, దీని తరువాతి సంగతి. బుద్ధి చెప్పే చిన్న చిప్పుకు, బలం చూపే ఆరు ట్రాన్సిస్టర్లకు నడుమ మరొక చిన్న భాగం ఉన్నది. అసలు డ్రైవరు అన్న పేరు దానిదే. దానిని తెలుగులో 'చోదక వలయం' అని పిలువవచ్చును. కాని మాకు 'సారథి' అన్న మాటయే నచ్చినది. రథాన్ని లాగేవి గుర్రాలు. ఎటు పోవలెనో చెప్పేవాడు రథికుడు. సారథి లాగడు, యుద్ధం చేయడు. పగ్గాలు పట్టుకొని ఉంటాడు. కురుక్షేత్రంలో కృష్ణుడు యుద్ధం చేయలేదు. అయినా ఆయన లేని అర్జునుని రథాన్ని ఊహించలేము.

ఈ సారథి చేసే మొదటి పని ఆజ్ఞకు బలం కూర్చుట. బుద్ధి చిప్పు ఇచ్చేది 5 వోల్టులు, మహా అయితే 20 మిల్లీఆంపియర్లు. ఈ రకం పెద్ద ట్రాన్సిస్టరు పూర్తిగా తెరచుకొనుటకు దాని గేటు వద్ద పది పన్నెండు వోల్టులు కావలెను. అదీగాక ఆ గేటు ఒక చిన్న పాత్ర వంటిది. విద్యుదావేశంతో నిండితే గాని తలుపు తెరచుకోదు. దానికి 100 నానోకూలుంబుల ఆవేశం పట్టుతుందనుకొందాము. 20 మిల్లీఆంపియర్లతో నింపితే 5 మైక్రోసెకండ్లు పట్టుతుంది. 2 ఆంపియర్లతో నింపితే సెకండులో రెండు కోట్ల వంతు చాలు.

ఐదు మైక్రోసెకండ్లు ఎంత కాలమని మీరు అనవచ్చును. మేమూ అట్లే అన్నాము. సెకండుకు 16,000 సార్లు తెరచి మూసే తలుపు అది. ఒక్కొక్క సారికి దొరికేది 62 మైక్రోసెకండ్లే. పూర్తిగా తెరచిన తలుపు గుండా 50 ఆంపియర్లు పోతున్నవి, దాని నిరోధం 5 మిల్లీఓములు అనుకుంటే వేడి 12.5 వాట్లు. చిన్న అల్యూమినియం పలక దానిని భరిస్తుంది. తలుపు సగమే తెరచియున్నదనుకోండి. అదే 50 ఆంపియర్లు, దాని మీద 24 వోల్టులు. వేడి 1200 వాట్లు! ఇస్త్రీపెట్టె వేడిని గోరంత వస్తువులో పెట్టినట్లు. కనుక పూర్తిగా తెరచుట, పూర్తిగా మూయుట, ఈ రెంటి నడుమ క్షణం కూడ నిలువకుండుట – ఇది సారథి వేగం మీద ఆధారపడి ఉన్నది. ఈ కారణంచేతనే మంచి డ్రైవరు చిప్పు తనకు అందే వోల్టేజి తగ్గిపోతే అసలు పనిచేయనని మొరాయిస్తుంది. సగం తెరచుటకంటె తెరవకపోవుట మేలని దానికి నేర్పి ఉంచారు.

పై ట్రాన్సిస్టరుతో మరొక చిక్కు ఉన్నది. గేటుకు పన్నెండు వోల్టులు అన్నాము గదా, అవి భూమి నుండి లెక్కించినవి కావు. ఆ ట్రాన్సిస్టరు తన కాళ్ళు మోపియున్న చోటు నుండి లెక్కించవలెను. పైది తెరచుకోగానే ఆ చోటు 48 వోల్టుల ఎత్తుకు లేస్తుంది. అప్పుడు గేటుకు 60 వోల్టులు కావలెను. బ్యాటరీలో ఉన్నదే 48. ఎక్కడనుండి తెచ్చుట? దీనికి కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది. క్రింది ట్రాన్సిస్టరు తెరచియున్నంత సేపు ఒక చిన్న కెపాసిటరును పన్నెండు వోల్టులతో నింపుకుంటారు. పైది తెరచుకొని ఆ చోటు పైకి లేచినప్పుడు, నీటితో పాటు పడవ లేచినట్లు, పడవలోని బిందెతో పాటు ఆ కెపాసిటరూ లేస్తుంది. బిందెలోని నీరు అట్లే ఉన్నది, ఎత్తు మాత్రం పెరిగినది. అయితే బిందె ఖాళీ అయ్యేలోగా మళ్ళీ క్రిందికి దిగి నింపుకోవలెను. కాబట్టి పై ట్రాన్సిస్టరును ఎంత సేపైనా తెరచి ఉంచుదుమంటే ఈ పద్ధతిలో కుదరదు.

ఇప్పుడు పేలుడు సంగతి. వైండింగు దుకాణం పెద్దాయనను వీధివారందరూ చాచా అంటారు. ట్రాన్సిస్టరు గేటు అంటే ఆయనకు తెలియదు. పగిలిన వాటిని అరచేతిలో పెట్టుకొని చూచి, "ఒకే ఫేజువి రెండూ పోయినవా, వేర్వేరు ఫేజులవా?" అని అడిగారు. ఒకే ఫేజువి అన్నారు పిల్లలు. "అయితే రెండూ ఒకేసారి పట్టినవి, బేటా. మన స్టార్–డెల్టాలో స్టార్ కాంటాక్టరు వదలకముందే డెల్టా పట్టితే ఏమవుతుంది? అందుకే కదా ఇంటర్‌లాక్ పెట్టుతాము. మీ దానిలో ఇంటర్‌లాక్ ఏదీ?"

అదే జరిగినది. ఒక ఫేజులో పైది మూసి క్రిందిది తెరవవలెనని ప్రోగ్రాము ఒకే క్షణంలో రెండు ఆజ్ఞలూ ఇచ్చినది. కాని ట్రాన్సిస్టరు తెరచుకొనుటకంటె మూసుకొనుటకు ఎక్కువ సమయం పట్టుతుంది. పైది ఇంకా మూసుకొనకముందే క్రిందిది తెరచుకున్నది. ఆ రెప్పపాటులో బ్యాటరీ ధన ఋణ ధ్రువాలు మోటారును తాకకుండా ఒకదానితో ఒకటి కలిసిపోయినవి. మందు ఒకటే. ఒకటి మూసిన తరువాత ఒకటి రెండు మైక్రోసెకండ్లు రెండింటినీ మూసియుంచి, పిదప రెండవది తెరవవలెను. దీనిని విరామకాలం అనవచ్చును. కొన్ని డ్రైవరు చిప్పులలో ఈ విరామం పుట్టుకతోనే ఉంటుంది. కొన్నింటిలో ఉండదు, ప్రోగ్రాము వ్రాసేవారే పెట్టుకోవలెను. మన విద్యార్థులు కొన్నది రెండవ రకం. వారు ఉన్నదనుకున్నారు.

సారథిని గుర్రాల బలం పెంచేవాడని మాత్రమే తలచుటలోని పొరపాటు ఇక్కడ తేలినది. డ్రైవరు సర్క్యూటు చేసే పనులలో సగానికి పైగా 'వద్దు' అనేవే. రెండూ ఒకేసారి వద్దు. సగం తెరచుట వద్దు. కరెంటు హద్దు దాటితే వద్దు. తీగచుట్టలో ప్రవాహాన్ని హఠాత్తుగా త్రెంచితే అది వోల్టేజిని ఎగదన్ని దారి వెదకుకుంటుంది గనుక, దానికి డయోడు గుండా ప్రక్కదారి కూడ చూపవలెను.

పెద్ద మోటార్లకూ ఇదే సూత్రం. కర్మాగారాలలోని డ్రైవు పెట్టె 415 వోల్టుల మూడు ఫేజులను తీసుకొని, ముందుగా వాటిని ఒకే దిశ విద్యుత్తుగా మార్చుతుంది. అప్పుడది సుమారు 587 వోల్టులు. పిదప అదే ఆరు తలుపులతో మళ్ళీ మూడు ఫేజులను తనకు కావలసిన వేగంతో పుట్టిస్తుంది. ఉన్నదానిని చెరిపి మళ్ళీ వ్రాయుట వృథా శ్రమ అనిపిస్తుంది గాని, దీనివల్లనే 50 ఆవృత్తుల బంధం తెగుతుంది. వేగాన్ని సున్న నుండి మెల్లగా పెంచవచ్చును కాబట్టి ఆరేడు రెట్ల గుంజుడు ఉండదు. ఆవృత్తులు సగానికి తగ్గిస్తే వోల్టేజి కూడ సుమారు సగానికి, అంటే 207కు తగ్గించవలెను. లేనిచో ఇనుము అయస్కాంత బలంతో సంతృప్తమై కరెంటు వృథాగా పెరుగుతుంది. ఇంత వోల్టేజి వద్ద బుద్ధి చిప్పుకు, ట్రాన్సిస్టర్లకు నడుమ తీగ సంబంధమే లేకుండా, కాంతి ద్వారా ఆజ్ఞలు పంపుట సాధారణం. మీట నొక్కే మనిషి ప్రాణం ఆ సందులో ఉన్నది.

ఇటువంటి డ్రైవులలో వాడే ఐ.జి.బి.టి. అనే ట్రాన్సిస్టరును అభివృద్ధి చేసినవారిలో ముఖ్యుడు బి. జయంత్ బాలిగా. 1948లో మద్రాసులో పుట్టి, అక్కడి ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాలో పనిచేసినవారు. 2024లో ఫిన్లండు దేశపు మిలీనియం టెక్నాలజీ బహుమతి ఆయనకు లభించినది.

పంపుల వేగం తగ్గిస్తే విద్యుత్తు ఎంతో మిగులుతుందని ప్రకటనలలో చదువుతుంటాము. వేగం 80 శాతానికి తగ్గితే శక్తి ఘనం చొప్పున 51 శాతానికి తగ్గుతుందన్నది ఒక విధంగా నిజమే. కాని లోతైన బోరులో నీటిని నిట్టనిలువునా ఎత్తవలెను. వేగం ఒక హద్దు దాటి తగ్గితే నీరు పైకే రాదు, మోటారు ఊరక తిరుగుతుంది. సౌర పలకలతో నడిచే పంపులలో ఈ సంగతి స్పష్టంగా కనబడుతుంది. అక్కడి కంట్రోలరు కూడ ఈ ఆరు తలుపుల పెట్టెయే. ప్రొద్దుటి లేత ఎండలో మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీరు మాత్రం ఎండ ముదిరిన తరువాత వస్తుంది.

రైలు ప్రయాణాలలో మరొక చిత్రం గమనింపదగినది. పట్టాల పైన ఉండేది 25,000 వోల్టుల తీగ ఒక్కటే, అంటే ఒకే ఫేజు. అయినా 1995లో విదేశం నుండి వచ్చిన డబ్ల్యు.ఎ.పి.–5 మొదలుకొని కొత్త ఇంజనులలో ఉన్నవి మూడు ఫేజుల మోటార్లు. మిగిలిన రెండు త్రాళ్ళు ఇంజను కడుపులోనే పుట్టుతున్నవి. ఆగేటప్పుడు అవే మోటార్లు జనరేటర్లై విద్యుత్తును తిరిగి పై తీగకు పంపుతాయి.

మన బండి సంగతి మిగిలియున్నది. విరామకాలం రెండు మైక్రోసెకండ్లు పెట్టి ప్రోగ్రాము తిరిగి వ్రాశారు. కమిటీవారు అనుమతి ఇచ్చారు, అయితే చాచా దగ్గర ఉండవలెనన్న షరతు మీద. ఆయన వచ్చి, బ్యాటరీకి పలకకు నడుమ నాలుగు ఆటో హెడ్‌లైటు బల్బులను వరుసగా కలిపారు. మోటార్లు పరీక్షించుటకు ఆయన దుకాణంలో నలభై ఏండ్లుగా వాడుతున్న సిరీస్ లాంపు ఉపాయమే ఇది. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బులు ప్రకాశంగా వెలిగి కరెంటును మింగుతాయి, ట్రాన్సిస్టర్లు బ్రతుకుతాయి.

మొదటిసారి మీట వేయగానే నాలుగు బల్బులూ పట్టపగలు వలె వెలిగినవి. పిల్లల ముఖాలు వాడిపోయినవి. ఒక ఫేజులో మాత్రం విరామకాలం వ్రాయుట మరచారని పది నిమిషాలలో తేలినది. దిద్ది మళ్ళీ వేశారు. బల్బులు ఒక్కసారి మెరిసి, ఎర్రని తీగ మాత్రం కనబడేటంత మసకబారినవి. చక్రం మెల్లగా కదిలి, తిరగసాగినది. చాచా బల్బులు విప్పి సంచిలో వేసుకున్నారు. ఫలకం మీద మేము 'సారథి' అని వ్రాసి ఇచ్చాము. ప్రదర్శన నాటికి విద్యార్థులు దాని ప్రక్కన 'డ్రైవరు' అని కూడ చేర్చారు.